సాగరా, జూపార్కా, గుట్టా?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికల్లో వేసినట్టే అన్ని ఎన్నికల్లోనూ పేర్ల ఎదురుగా ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసే పద్ధతి పెడితే ఎలా ఉంటుందో ఆలోచించమని పోయిన సంచికలో ఒక్క వాక్యం రాశాను. ఆ ఒక్క వాక్యానికి పదకొండు ఉత్తరాలు వచ్చాయి. రెండింటిలో తిట్లే ఉన్నాయి, వాటిని అటకెక్కించాను. మిగిలినవాటిలో కొన్నింటికి ఇక్కడ జవాబులు చెబుతున్నాను. నేను పండితుడిని కాను. ముప్పై మూడేళ్లు నల్లగొండ చుట్టుపక్కల బడుల్లో సాంఘిక శాస్త్రం చెప్పాను, ప్రతి ఎన్నికకూ డ్యూటీ పడినవాడిని. ఆ మేరకే నా మాట.

ప్రశ్న: కాలేజీ సెమినార్ కోసం మా ఊళ్లో అరవై మందిని అడిగాను. ఒక్కరికే ఓటు వేసే బదులు ముగ్గురికి వరుస ఇచ్చే పద్ధతి వస్తే బాగుంటుందా అంటే యాభై ఒక్క మంది బాగుంటుందన్నారు. కానీ విదేశాల్లో జనమే ఓటు వేసి ఇలాంటి పద్ధతులను వద్దన్నారని చదివాను. ఇంతకీ జనం మద్దతు ఉన్నట్టా, లేనట్టా?
– డిగ్రీ విద్యార్థిని, దేవరకొండ

జవాబు: అమ్మా, చదువుకునే ఆడపిల్ల కాగితం, కలం పట్టుకుని వాకిట్లోకి వచ్చి ‘ఇలా చేస్తే బాగుంటుందా’ అంటే మన పల్లెల్లో కాదనేవాళ్లు ఎందరుంటారు? మంచినీళ్లిచ్చి, ‘బాగుంటుంది బిడ్డా’ అంటారు. బాగుండదన్న తొమ్మిది మందిని మళ్లీ కలువు. ఎందుకు బాగుండదో వాళ్లు ఆలోచించి ఉంటారు, నీ సెమినార్‌కు సరుకు అక్కడ దొరుకుతుంది.

నా అనుభవం ఒకటి చెబుతాను. తిప్పర్తి వైపు ఒక బడిలో ఉన్నప్పుడు తొమ్మిదో తరగతి పిల్లలను విహారయాత్రకు తీసుకెళ్లాల్సి వచ్చింది. నలభై ఇద్దరు పిల్లలు. నాగార్జునసాగర్, హైదరాబాద్ జూపార్కు, యాదగిరిగుట్ట అని మూడు చోట్లు అనుకున్నాం. పాఠం చెప్పినట్టూ ఉంటుందని చీటీల మీద ఒకటి, రెండు, మూడు వేయించాను. మొదటి లెక్కలో జూపార్కుకు 17, సాగర్‌కు 14, గుట్టకు 11 వచ్చాయి. ఎవరికీ సగానికి మించలేదు కాబట్టి ఆఖరున ఉన్న గుట్టను తీసేసి ఆ 11 చీటీల్లో రెండో అంకె చూశాం. తొమ్మిది సాగర్‌కు, రెండు జూకు ఉన్నాయి. సాగర్ 23, జూ 19. సాగర్ గెలిచింది.

తరగతి రెండుగా చీలిపోయింది. ‘మొదట ఎక్కువ వచ్చింది మాకే కదా సార్, మళ్లీ ఎందుకు లెక్కపెట్టారు?’ అని జూ పిల్లలు గొడవ. నల్లబల్ల మీద మూడుసార్లు లెక్క చేసి చూపించాను. లెక్క అర్థమైంది, కోపం మాత్రం తగ్గలేదు. ఆ వారమంతా వెనక బెంచీ వాళ్లు నన్ను చూస్తే మొహం తిప్పుకున్నారు. సాగర్‌లో లాంచీ ఎక్కి నాగార్జునకొండకు పోయి వచ్చాక కొంత చల్లబడ్డారు. మరుసటి ఏడు అదే పిల్లలను, పదో తరగతిలో, ‘ఈసారీ అదే పద్ధతి పెడదామా’ అని అడిగితే చేతులెత్తింది దాదాపు అందరూ సాగర్ పిల్లలే.

ఇక్కడితో అయితే పిల్లల గోల అని వదిలేసేవాడిని. మొదటి ఏడే ఒక అమ్మాయి నా దగ్గరికి వచ్చి, ‘సార్, నేను జూకు ఒకటి వేసి గుట్టకు రెండు వేశాను. నా రెండో అంకె మీరు చూడనే లేదు కదా’ అంది. నిజమే. చివరిదాకా పోటీలో ఉన్నవాళ్ల చీటీల్లో రెండో అంకెను ఎవరూ చూడరు. ఆ రాత్రి ఇంట్లో చీటీలన్నీ పరుచుకుని చూశాను. జూ పిల్లలు 17 మందిలో 13 మంది, సాగర్ పిల్లలు 14 మందిలో 12 మంది రెండో అంకె గుట్టకే ఇచ్చారు. పులిహోర ప్రసాదం మహిమ కావచ్చు. గుట్ట, సాగర్ మాత్రమే పోటీలో ఉంటే గుట్ట 24–18తో గెలుస్తుంది. గుట్ట, జూ మాత్రమే ఉంటే గుట్ట 23–19తో గెలుస్తుంది. ఇద్దరినీ విడివిడిగా ఓడించగలిగింది అందరికంటే ముందే ఇంటికి పోయింది! ఇది నా తరగతి వింత కాదు. అమెరికాలో బర్లింగ్టన్ అనే ఊళ్లో 2009 మేయర్ ఎన్నికలో అచ్చం ఇలాగే జరిగింది. మరుసటి ఏడాదే అక్కడి జనం ఆ పద్ధతిని ఓటు వేసి తీసేశారు, 2021లో కౌన్సిల్ ఎన్నికలకు మళ్లీ ఓటు వేసి తెచ్చుకున్నారు.

ఇప్పుడు నీ ప్రశ్నకు వస్తాను. బ్రిటన్‌లో 2011 మే 5న ఈ అంకెల పద్ధతి మీద ప్రజాభిప్రాయ సేకరణ పెడితే 67.9 శాతం వద్దన్నారు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో 2005లో 57.7 శాతం కొత్త పద్ధతి కావాలన్నారు, కానీ 60 శాతం దాటాలన్న షరతు వల్ల అది రాలేదు. అదే రాష్ట్రంలో 2018లో మళ్లీ అడిగితే 61.3 శాతం పాతదే చాలన్నారు. న్యూజిలాండ్‌లో కథ వేరు. 1992లో మార్పు కావాలా అంటే 84.7 శాతం కావాలన్నారు. మరుసటి ఏడాది అసలు నిర్ణయం తీసుకోమంటే అది 53.9 శాతానికి దిగింది, అయినా మార్పు వచ్చింది. ఆ 84కూ ఈ 53కూ మధ్య తేడా చూశావా? నీ యాభై ఒక్క మందిలోనూ అటువంటివాళ్లు ఉంటారు.

న్యూజిలాండ్‌లో ఎందుకు నిలబడిందంటే, అక్కడ జనానికి పాత పద్ధతి మీద నిజంగానే మంట ఉండేది. 1978లో, 1981లో వరుసగా రెండుసార్లు ఎక్కువ ఓట్లు వచ్చిన పార్టీ ఓడిపోయింది. 1981లోనే ఇరవై శాతానికి పైగా ఓట్లు తెచ్చుకున్న మూడో పార్టీకి దక్కింది రెండు సీట్లు. బ్రిటన్‌లో అలాంటి మంట లేదు. సంకీర్ణ ప్రభుత్వంలో చిన్న పార్టీ బేరమాడి ఆ ఓటింగ్ పెట్టించింది, ఆ పార్టీ నాయకుడి మీద కోపమున్నవాళ్లు పద్ధతి మీద తీర్చుకున్నారు.

కాబట్టి నీ ప్రశ్న మార్చి మళ్లీ ఊళ్లోకి వెళ్లు. ‘మొదటి లెక్కలో మీవాడు ముందుండి, మూడో లెక్కలో ఓడిపోతే ఒప్పుకుంటారా?’ అని అడుగు. ఈసారి మంచినీళ్లు ఇవ్వకపోవచ్చు. ఎంతమంది ఒప్పుకుంటామన్నారో నాకు తప్పకుండా రాయి.

ప్రశ్న: 2023లో అధికారంలోకి వచ్చిన పార్టీకీ మాకూ ఓట్లలో తేడా రెండు శాతమే. సీట్లలో మాత్రం ఇరవై ఐదు. ఇది న్యాయమా? దామాషా పద్ధతి, అంటే ఓట్ల శాతాన్ని బట్టి సీట్లు పంచే పద్ధతి, రావాలని మీరు గట్టిగా రాయాలి.
– పార్టీ కార్యకర్త, కోదాడ

జవాబు: మీ లెక్క సరైనదే. 39.40 శాతానికి 64 సీట్లు, 37.35 శాతానికి 39 సీట్లు. మన పాత నల్లగొండ జిల్లాలో మరీ విడ్డూరం: పన్నెండింటిలో పదకొండు ఒకరికే పోయాయి, మీకు సూర్యాపేట ఒక్కటే మిగిలింది. పాత మహబూబ్‌నగర్‌లో పద్నాలుగింటిలో గద్వాల, అలంపూర్ రెండే. ఈ రెండు జిల్లాల్లో మీకు ఓటు వేసినవాళ్లు అంత తక్కువ మంది కారని నాకూ తెలుసు.

అయితే 2018లో మీకు 47 శాతం లోపు ఓట్లతో 119లో 88 సీట్లు వచ్చాయి. అప్పుడు దామాషా గురించి ఈ శీర్షికకు కోదాడ నుంచి ఒక్క ఉత్తరమూ రాలేదు. ఇప్పుడు గెలిచినవారి నుంచీ రావడం లేదు. లా కమిషన్ 1999లోనే తన 170వ నివేదికలో, లోక్‌సభలో కొన్ని సీట్లు పెంచి వాటిని పార్టీల ఓట్ల శాతాన్ని బట్టి నింపాలని సూచించింది. ఆ తర్వాత ఢిల్లీలో అన్ని రంగుల ప్రభుత్వాలూ వచ్చాయి, ఆ కాగితం మీద దుమ్ము దులిపినవారు లేరు. ఈసారి మీరు గెలిచాక ఇదే ఉత్తరం మళ్లీ రాయండి, మొదటి పేజీలో వేయమని సంపాదకుడిని నేనే బతిమాలుతాను.

ప్రశ్న: 2024లో మా మహబూబ్‌నగర్ లోక్‌సభ సీటు 4,500 ఓట్ల తేడాతో తేలింది. మూడో స్థానంలో ఉన్నాయనకు లక్షన్నర పైగా వచ్చాయి. అంకెల పద్ధతి ఉంటే ఫలితం మారేదా?
– కిరాణా వ్యాపారి, జడ్చర్ల

జవాబు: మారేదో లేదో చెప్పగలిగితే నేను జ్యోతిషం బోర్డు పెట్టుకునేవాడిని. డి.కె. అరుణ గారికీ, వంశీచంద్ రెడ్డి గారికీ మధ్య 4,500. మూడో ఆయనకు పడిన లక్షన్నర ఓట్లలో రెండో అంకె ఎటు ఉండేదో ఆ ఓటర్లకే తెలియాలి, కొందరికి వాళ్లకూ తెలిసి ఉండదు. అసలు ఆ పద్ధతే ఉంటే ప్రచారమే ఇంకోలా సాగేది. మూడో ఆయన ఇంటికి మొదటి ఇద్దరూ బత్తాయిల బుట్టలతో వెళ్లేవారు.

ఊహ వద్దు, మన కళ్ల ముందు జరిగినది చూద్దాం. 2021లో వరంగల్–ఖమ్మం–నల్లగొండ పట్టభద్రుల స్థానానికి 71 మంది పోటీ చేశారు. చెల్లిన ఓట్లు 3,66,333, గెలవడానికి కావాల్సిన కోటా 1,83,167. మొదటి ప్రాధాన్యతలో పల్లా రాజేశ్వర్ రెడ్డి గారికి 1,10,840, తీన్మార్ మల్లన్న గారికి 83,290, కోదండరాం గారికి 70,072. కింది నుంచి ఒక్కొక్కరినీ తీసేస్తూ వచ్చి, ఆఖరుకు కోదండరాం గారి ఓట్లు కూడా పంచాక 27,550 తేడా 12,806కు దిగింది. గెలుపు మారలేదు. అయితే చివరికి మిగిలిన ఇద్దరి ఓట్లు కలిపినా 3,10,816. అంటే సుమారు యాభై ఐదు వేల చీటీలు ఆ ఇద్దరిలో ఎవరికీ ఏ అంకె లేకుండా మధ్యలోనే ఆగిపోయాయి. వాళ్లు తమకు నచ్చినవాళ్లకే అంకెలు వేసి, మిగిలింది మీ ఇష్టం అన్నారు. అలా అనే హక్కు వాళ్లకుంది. కానీ ‘ఈ పద్ధతిలో సగానికి పైగా మద్దతు ఉన్నవాడే గెలుస్తాడు’ అని ఎవరైనా ఉపన్యాసం ఇస్తే ఈ లెక్క వాళ్ల ముందు పెట్టండి. గెలిచిన వారికి కోటా రాలేదు.

ప్రశ్న: చదువురాని వాళ్లకు ఈ అంకెల గొడవ ఎలా అర్థమవుతుంది సార్?
– అంగన్‌వాడీ టీచర్, హాలియా

జవాబు: చదువు వచ్చినవాళ్ల సంగతి ముందు చూద్దామమ్మా. పట్టభద్రుల ఎన్నికలో ఓటర్లంతా కనీసం డిగ్రీ పాసైనవాళ్లు. 2021లో చెల్లని ఓట్లు 21,636. అదే స్థానానికి 2024లో జరిగిన ఉప ఎన్నికలో పోలైనవే తగ్గి 3,36,013 అయ్యాయి, చెల్లనివి మాత్రం పెరిగి 25,824 అయ్యాయి. వందకు ఏడుకు పైనే.

2021 మార్చిలో నల్లగొండ శివారు గోదాములో లెక్కింపు డ్యూటీ నాకు పడింది. రాత్రీ పగలూ తేడా తెలియకుండా నాలుగు రోజులు నడిచింది. ఒక్కో బ్యాలెట్ పత్రం విప్పితే బల్ల నిండేది. పాతికేసి కట్టలు కట్టేవాళ్లం. నా చేతికి వచ్చిన ఒక పత్రంలో నలుగురికి నాలుగు ఒకట్లు. ఇంకో దాంట్లో టిక్కు, దాని పక్కన ముచ్చటైన సంతకం. గెజిటెడ్ అధికారి సంతకంలా ఉంది, తేదీ కూడా వేశాడు మహానుభావుడు. ఒకరు ఒకటి వేయకుండా రెండు, మూడు మాత్రమే వేశారు, మొదటి స్థానానికి ఎవరూ తగరనుకున్నారేమో. మరొకరు ఉద్యోగ నోటిఫికేషన్లు ఎప్పుడు ఇస్తారని వెనకవైపు పేరాగ్రాఫు రాశారు. దాన్ని చెల్లని కట్టలో పెట్టేటప్పుడు నాకు బాధేసింది. మొత్తం గోదాములో నేను చదివిన వాటిలో అదే సూటిగా ఉంది.

ఇంకో వైపు, శ్రీలంకలో అధ్యక్ష ఎన్నికకు ప్రతి ఓటరూ, చదువు ఉన్నా లేకున్నా, ముగ్గురి దాకా అంకెలు వేయవచ్చు. చాలామంది ఒక్కటే వేసి ఊరుకుంటారు, ఆ ఓటు చెల్లుతుంది. 2024లో మొదటిసారి అక్కడ రెండో లెక్క అవసరమైంది, రెండో రోజుకల్లా ఫలితం వచ్చింది. మా ఇంట్లో పనికి వచ్చే ఆవిడకు సంతకం రాదు. చీటీల వాయిదాలు ఎవరు ఎన్ని కట్టారో, ఎవరికి ఎన్నో నెల పాట వచ్చిందో నోటికి చెబుతుంది. ఆవిడకు ఒకటి, రెండు, మూడు కష్టమని నేననుకోను.

ప్రశ్న: 1952లో నాకు పార్లమెంటుకు రెండు ఓట్లు ఉండేవని మా తాతయ్య అనేవాడు. వయసు మీద పడి అలా అన్నాడేమో అని మేము నవ్వేవాళ్లం. నిజమేనా?
– ఆటో డ్రైవర్, నకిరేకల్

జవాబు: తాతయ్యకు నమస్కారం. అక్షరాలా నిజం. అప్పుడు నల్లగొండ ఇద్దరు సభ్యుల నియోజకవర్గం, ఒకటి జనరల్, ఒకటి షెడ్యూల్డ్ కులాలకు. ఓటరుకు రెండు ఓట్లు ఉండేవి, రెండూ ఒకరికే వేయకూడదు. అభ్యర్థికొక పెట్టె, పెట్టె మీద గుర్తు. పీడీఎఫ్ (పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్) తరఫున రావి నారాయణరెడ్డి గారు, సుంకం అచ్చాలు గారు గెలిచారు. రావి నారాయణరెడ్డి గారికి దేశంలోనే అందరికంటే ఎక్కువ ఓట్లు, నెహ్రూ గారికంటే ఎక్కువ వచ్చాయని చెప్పుకునేది ఈ ఎన్నిక గురించే. ఇద్దరు సభ్యుల స్థానాలను 1961లో చట్టం చేసి ఎత్తేశారు. కొత్త పద్ధతి అంటే మనకు ఎప్పుడూ తెలియనిదేదో అనుకుంటాం, మీ ఇంట్లోనే ఒకటి వాడినాయన ఉన్నాడు.

ప్రశ్న: 1996లో నల్లగొండలో 480 మంది పోటీ చేశారు కదా. అంకెల పద్ధతి అయితే 480 దాకా వేయాలా?
– హోటల్ యజమాని, మర్రిగూడ

జవాబు: అక్కర్లేదు, మన పట్టభద్రుల ఎన్నికలో ఒకటి వేసినా చాలు. ఆస్ట్రేలియాలో దిగువసభకు మాత్రం అందరికీ వరుస వేయాల్సిందే. అక్కడి వాళ్లు నల్లగొండను చూడలేదు.

ఆ ఎన్నికలో నేను పోలింగ్ అధికారిని. బ్యాలెట్ పత్రం అంటే పత్రం కాదు, పుస్తకం. ఒక ముసలమ్మ దాన్ని ఒళ్లో పెట్టుకుని కింద కూర్చుని, ఒక్కో పేజీ వేలు తడిచేసుకుని తిప్పింది. ఎంతసేపటికీ లేవలేదు. ఏజెంట్లు గోల. ‘తొందరెందుకు, వెతుక్కోనియ్యండి’ అంది, తల ఎత్తకుండానే. మడిచి పెట్టెలో వేయడం ఇంకో యుద్ధం.

మర్రిగూడ వాళ్లకు నేను చెప్పాలా, ఆ నామినేషన్లు గెలవడానికి వేసినవి కావు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి వంగిపోయిన కాళ్లతో, నడుములతో ఉన్నవాళ్లు దేశం తమవైపు చూడాలని వేసినవి. ఎన్నిక నెల రోజులు వాయిదా పడింది, 480 మందిలో 477 మందికి డిపాజిట్ పోయింది, ధర్మభిక్షం గారు గెలిచారు. ఆ ఏడాదే లోక్‌సభ డిపాజిట్‌ను 500 నుంచి 10,000 రూపాయలకు పెంచారు. ఏ ఓటింగ్ పద్ధతి పెట్టి ఉంటే ఆ 480 మందికి నామినేషన్ వేసే అవసరం రాకపోయేదని ఎవరైనా నన్ను అడిగితే బాగుండు. ఇన్ని ఉత్తరాల్లో ఎవరూ అడగలేదు.

ప్రశ్న: పట్టభద్రుల ఓటులో తెలుగు అంకె వేస్తే చెల్లుతుందా?
– తెలుగు పండిట్, నాగర్‌కర్నూల్

జవాబు: నిక్షేపంగా చెల్లుతుంది. 1 అయినా, రోమన్ అంకె అయినా, మన ౧ అయినా సరే. ‘ఒకటి’ అని అక్షరాల్లో రాస్తే మాత్రం చెల్లదు. అలాగే అక్కడ ఇచ్చే ఊదా రంగు స్కెచ్ పెన్నుతోనే వేయాలి. మీ ఇంకు పెన్ను ఎంత మంచిదైనా జేబులోంచి తీయకండి.